మీటరున్న ప్రతి ఇంటికీ ఓటుందా?

*కరెంటిచ్చే సంఘానికి తామే యజమానులమని సిరిసిల్ల ప్రజలు యాభై ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నారు. ఆ యాజమాన్యం పోలింగ్ రోజు దాటాక ఎంత మిగులుతోంది?*

2022 డిసెంబర్ 24, శనివారం. రాజన్న సిరిసిల్ల జిల్లాలో పోలింగ్ కేంద్రాల ముందు బారులు. రాత్రి పాళీ ముగించుకుని సాంచాల (మరమగ్గాల) మీంచి నేరుగా వచ్చిన నేత కార్మికులు, యాసంగి నారుమళ్లు చూసుకుని వచ్చిన రైతులు, చిన్న దుకాణాలు నడుపుకునేవాళ్లు. కేంద్రానికి కొంచెం ఎడంగా పార్టీల కార్యకర్తలు, వాళ్ల చేతుల్లో ఓటర్ల జాబితాలు. చూస్తే అసెంబ్లీ ఎన్నికలని అనిపిస్తుంది. కానీ ఆ రోజు వాళ్లు ఎన్నుకుంటున్నది ఎమ్మెల్యేని కాదు, సర్పంచినీ కాదు. తమ ఇంటికి, బావి దగ్గరి మోటారుకు, సాంచాల షెడ్డుకు కరెంటిచ్చే సంఘానికి డైరెక్టర్లను.

ఆ సంఘం పేరు సహకార విద్యుత్ సరఫరా సంఘం. జిల్లాలో ఎవరిని అడిగినా ‘సెస్’ అనే అంటారు. స్థానాలు 15, ఓటర్లు సుమారు 87 వేలు. పోలింగ్ 84 శాతం దాకా నమోదైంది. హైదరాబాద్ నగరం అసెంబ్లీ ఎన్నికల్లో కూడా ఏనాడూ చూడని హాజరు అది. సోమవారం వేములవాడలో లెక్కింపు జరిగింది. అప్పటి అధికార పార్టీ బీఆర్‌ఎస్ మద్దతిచ్చినవాళ్లే 15 చోట్లా గెలిచారు. ఒకటి రెండు స్థానాల్లో ఫలితం మీద పెద్ద గొడవే నడిచింది.

అదే శనివారం సికింద్రాబాద్‌లో కరెంటు ఉంది, మీటర్లు తిరిగాయి, బిల్లులూ వచ్చాయి. మారేడ్‌పల్లిలోనో, బోయిన్‌పల్లిలోనో, అల్వాల్‌లోనో ఉన్న వినియోగదారుడు ఆ బిల్లు కట్టాడు. కరెంటు కంపెనీని ఎవరు నడపాలో అతణ్ని ఎవరూ అడగలేదు, అడగరు కూడా. అక్కడ కరెంటు పంపిణీ చేసే దక్షిణ డిస్కం ప్రభుత్వ కంపెనీ. దాని అధిపతిని ప్రభుత్వం నియమిస్తుంది. జూబ్లీ బస్‌స్టేషన్‌లో వేములవాడ బస్సెక్కి సిద్దిపేట దాటాక మరికాస్త దూరం పోతే చాలు, కరెంటు వినియోగదారుడి చేతిలో బ్యాలెట్ పత్రం ఉన్న ప్రాంతం వస్తుంది. తెలంగాణలో అలాంటి ప్రాంతం అదొక్కటే.

కరెంటు పంపిణీ ఎవరి చేతుల్లో ఉండాలన్న చర్చ మళ్లీ వేడెక్కింది. కేంద్ర విద్యుత్ శాఖ 2025 అక్టోబర్‌లో విద్యుత్ చట్ట సవరణ ముసాయిదా బిల్లు విడుదల చేసింది. ఒకే ప్రాంతంలో ఒకే లైన్ల మీద ఒకరికి మించి పంపిణీదారులుండే ఏర్పాటుకు అది దారి తీస్తుందని, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరుస్తుందని విద్యుత్ ఉద్యోగుల సంఘాలు వ్యతిరేకిస్తున్నాయి. సర్కారా, ప్రైవేటా అన్న ఈ వాదులాటలో మూడో దారి ఒకటి ఉందన్న సంగతి మరుగున పడింది. వాడుకునేవాళ్లే సొంతదారులైన ఆ దారి 1970 నుంచి మన పక్కనే ఉంది. దాని బలం, దాని జబ్బు రెండూ సిరిసిల్లలో కనిపిస్తాయి.

అయిదు చోట్ల మొదలైన ప్రయోగం

అరవయ్యో దశకం చివర దేశంలో పల్లెల సంగతి చీకటే. పట్టణాలకు కరెంటిచ్చే విద్యుత్ బోర్డులకు ఊళ్లకు లైను లాగడం గిట్టుబాటు కాని పని. స్తంభాలు ఎక్కువ, వాడకం తక్కువ. గ్రామీణ పరపతి మీద అధ్యయనం చేసిన వెంకటప్పయ్య కమిటీ, పల్లె విద్యుదీకరణకు ప్రత్యేకంగా ఒక ఆర్థిక సంస్థ కావాలంది. అలా 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. ఇవాళ ఆర్‌ఈసీ అని పిలిచే సంస్థ అదే.

సహకార పద్ధతి మాత్రం అమెరికా నుంచి వచ్చింది. 1930లలో అక్కడా ప్రైవేటు కరెంటు కంపెనీలు పొలాల దాకా రాలేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో గ్రామీణ విద్యుదీకరణకు ఒక సంస్థ పెట్టి అప్పులిస్తే, రైతులు తలా కొంత వాటా వేసుకుని సంఘాలు కట్టుకున్నారు, స్తంభాలు పాతుకున్నారు. ఆ సంఘాల జాతీయ సమాఖ్య 1962లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌తో ఒప్పందం చేసుకుని, ఇతర దేశాల్లోనూ ఇలాంటి సంఘాలు పెట్టించే పనికి దిగింది. ఆ వరుసలోనే భారత్‌లో అయిదు చోట్ల ప్రయోగం మొదలైంది. అందులో ఒకటి అప్పటి కరీంనగర్ జిల్లా సిరిసిల్ల తాలూకా.

> తొలి అయిదు
> సిరిసిల్ల (ఆంధ్రప్రదేశ్), హుక్కేరి (కర్ణాటక), ములా-ప్రవర (మహారాష్ట్ర), కోడినార్ (గుజరాత్), లక్నో (ఉత్తరప్రదేశ్).
> ములా-ప్రవర సంఘం మహారాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థకు కట్టాల్సిన బకాయిలు కొండలా పెరిగాయి. 2011లో దాని లైసెన్సు గడువు తీరాక ఆ ప్రాంతం ప్రభుత్వ కంపెనీ చేతికి పోయింది.
> హుక్కేరి ఇంకా నడుస్తోంది. 2025 సెప్టెంబర్‌లో అక్కడ జరిగిన ఎన్నిక స్థానిక రాజకీయ కుటుంబాలైన కత్తి, జార్కిహోళి వర్గాల మధ్య అసెంబ్లీ పోరును తలపించింది. కత్తి వర్గం గెలిచింది.

సిరిసిల్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం, రాయచోటి, జోగిపేట, ఆత్మకూరు, కదిరి లాంటి చోట్ల ‘రెస్కో’లు, అంటే గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు వచ్చాయి. చాలావాటిని తర్వాత డిస్కంలు కలిపేసుకున్నాయి. మిగిలిన కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి సంఘాలనూ డిస్కంలకు అప్పగించాలని 2021లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులిచ్చింది. విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు పంపిణీకి లైసెన్సు ఉండాలి. చట్టంలోని 13వ సెక్షన్ కింద సహకార సంఘాలకు ఆ లైసెన్సు నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. ఇచ్చేది మండలి. ఆ ఒక్క మినహాయింపు పోతే, సంఘానికి ఎన్ని వేల మంది సభ్యులున్నా ఒరిగేదేమీ లేదు.

డైరెక్టర్ మన మండలం మనిషే

ఈ పద్ధతి ఎందుకు బాగుందో చెప్పడానికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన ఊరికి వెళ్లాలి.

వరి పొట్టకొచ్చే సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతుకు ప్రతి గంటా లెక్కే. డిస్కం ప్రాంతాల్లో రైతులు లైన్‌మన్ చుట్టూ, ఆ తర్వాత ఏఈ చుట్టూ తిరుగుతారు. ట్రాక్టర్ మాట్లాడుకుని, చందాలేసుకుని ట్రాన్స్‌ఫార్మర్‌ను మరమ్మతు కేంద్రానికి మోసుకెళ్లిన ఊళ్లు తెలుగు రాష్ట్రాల్లో కొల్లలు. సెస్ పరిధిలో కరెంటు కష్టాలు లేవని కాదు. తేడా ఏమిటంటే, అక్కడ అడగడానికి ఒక మనిషి ఉంటాడు. గంభీరావుపేటకు ఒక డైరెక్టర్, ముస్తాబాద్‌కు ఒకరు, కోనరావుపేటకు ఒకరు, చందుర్తికి ఒకరు, చిన్న మండలాలైన వీర్నపల్లికీ రుద్రంగికీ కూడా ఒక్కొక్కరు. సిరిసిల్ల, వేములవాడ పట్టణాలకు ఇద్దరేసి. రాత్రిపూట ఇంటికెళ్లి ‘అన్నా, మా మోటార్లు ఆగినయ్’ అనగలిగేంత దగ్గరి మనిషి. అయిదేళ్లకోసారి ఆయనే వీళ్ల వాకిట్లో నిలబడాలి.

సిరిసిల్ల పట్టణంలో కరెంటు అంటే కూలి కూడా. ఇక్కడ వేలాది సాంచాలు నడుస్తాయి. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని గుడ్డ నేయించి ఇచ్చే ఆసాములు, వాళ్ల దగ్గర మీటర్ల లెక్కన కూలి తీసుకునే కార్మికులు, ఈ గొలుసంతా కరెంటు మీద ఆధారపడింది. గంటసేపు సరఫరా ఆగితే ఆ గంట కూలి పోయినట్టే. మరమగ్గాలకు ప్రభుత్వం కరెంటు చార్జీలో రాయితీ ఇస్తోంది. ఆ రాయితీ సొమ్ము సర్కారు నుంచి సంఘానికి సమయానికి చేరాలి. చేరకపోతే సంఘం ఖాతాలో బాకీ, ఆసామి గుండెల్లో గుబులు. రాయితీ వర్తించే పరిమితి ఎంత, దాటినవాళ్లు ఏ కేటగిరీ, పాత బకాయి ఎవరు కట్టాలి అన్న తగాదాలు సిరిసిల్లలో ఏళ్ల తరబడి నలుగుతూనే ఉన్నాయి. ఇలాంటి వేళ పాలకవర్గం ఎవరి పక్షాన మాట్లాడుతుందన్నది వాళ్ల బతుకు ప్రశ్న.

87 వేలు, రెండు లక్షలు

అసలు చిక్కు ఓటర్ల జాబితాలో ఉంది.

సెస్ కనెక్షన్లు రెండు లక్షలకు పైమాటే. 2022లో ఓటున్నవాళ్లు 87 వేలు. ఒకరి పేరిట రెండు మూడు కనెక్షన్లు ఉన్నాసరే ఓటు ఒకటే కాబట్టి కొంత తేడా సహజం. ఆ తేడా తీసేసినా, బిల్లు కడుతున్న ఇళ్లలో చాలావాటికి సంఘంలో గొంతు లేదన్నది కళ్లెదుటి నిజం. వినియోగదారుడు కావడం వేరు, సభ్యుడు కావడం వేరు. వాటా సొమ్ము కట్టి, పేరు నమోదు చేయించుకుంటేనే సభ్యత్వం. తండ్రి పోయాక మీటరు కొడుకు ఇంట్లోనే తిరుగుతుంది, బిల్లు కోడలు కడుతుంది. సభ్యత్వం మాత్రం దానంతటది మారదు, వారసులు అడిగి మార్పించుకోవాలి. అడగాలన్న సంగతే చాలామందికి తెలియదు. ఇళ్లూ మోటార్లూ ఎక్కువగా మగవాళ్ల పేరిటే ఉన్న పల్లెల్లో, జాబితాలో ఆడవాళ్ల వాటా ఎంత ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇంట్లో కరెంటు పోతే మొదట ఇబ్బంది పడేది వాళ్లే. అద్దె షెడ్డులో నాలుగు సాంచాలు నడుపుకునే ఆసామి నెలనెలా వేల రూపాయల బిల్లు కడతాడు. మీటరు షెడ్డు యజమాని పేరిట ఉంటే ఓటు యజమానిదే.

ఓటర్ల సంఖ్య పెరిగితే ఎన్నిక ఖర్చు పెరుగుతుంది, ఫలితం అంచనాకు దొరకదు. జాబితా చిన్నదిగా ఉంటే పోటీ చేసేవాళ్లకు పని సులువు. అందుకే ఏ పాలకవర్గమూ సభ్యత్వాన్ని పెంచడానికి తానై తొందరపడదు. ఇది సిరిసిల్లకే పరిమితమైన జాడ్యం కాదు. పల్లెల్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లోనూ, నగరంలోని గృహనిర్మాణ సంఘాల్లోనూ ఇదే కథ.

ఓటు వేశాక ఏమైంది?

కరెంటు ధరను సెస్ పాలకవర్గం నిర్ణయించదు. యూనిట్‌కు ఎంత వసూలు చేయాలో, ఉత్తర డిస్కం నుంచి సంఘం ఎంతకు కొనాలో చెప్పేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. మరి డైరెక్టర్ల చేతిలో ఏముంది? ఉద్యోగ నియామకాలు, బదిలీలు, స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల కొనుగోళ్లు, కాంట్రాక్టులు, ఏ ఊరికి ముందు కొత్త లైను లాగాలన్న నిర్ణయం. సొమ్ము కదిలేది ఇక్కడే. సభ్యుడి చూపు పడాల్సిందీ ఇక్కడే.

చట్టం దీనికి దారి చూపింది. 1964 నాటి సహకార సంఘాల చట్టం ప్రకారం సంఘంలో అంతిమ అధికారం మహాజన సభది. పాలకవర్గం ఆ సభకు జవాబుదారీ. ఏటా లెక్కలు సభ ముందుంచాలి, ఆడిట్ నివేదిక చదవాలి, ఆమోదం పొందాలి. యాభై వంద మంది సభ్యులున్న పాల సంఘంలో ఇది నిజంగానే జరుగుతుంది. ఎన్ని లీటర్లు పోశారో, ఎంత వచ్చిందో అందరికీ తెలుసు. 87 వేల మంది సభ్యులున్న చోట ఏ మైదానంలో సభ పెట్టాలి? వేదిక మీద నాయకులు, కింద వాళ్ల అనుచరులు, పది నిమిషాల్లో చప్పట్ల మధ్య తీర్మానాలు. పెద్ద సహకార సంఘాల మహాజన సభలు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. లెక్కల పుస్తకం ముందుగా చేతికందని సభ్యుడు ఏం ప్రశ్నిస్తాడు?

> సభ్యుడి చేతిలో ఉన్న ఆయుధాలు, వాటి బరువు
> విచారణ: 1964 చట్టం 51వ సెక్షన్ కింద సభ్యుల్లో అయిదో వంతు మంది కోరితే రిజిస్ట్రార్ విచారణ జరపాల్సిందే. 87 వేల మంది ఉన్న చోట అయిదో వంతంటే 17 వేలకు పైగా సంతకాలు. పాలకవర్గంలో మూడో వంతు మంది కోరినా చాలు. అంతా ఒకే పార్టీ వాళ్లయితే ఆ దారీ మూసుకుపోతుంది.
> రికవరీ: సంఘానికి నష్టం చేసినవాళ్ల నుంచి సొమ్ము రాబట్టే సర్‌చార్జి అధికారం 60వ సెక్షన్‌లో ఉంది.
> సమాచార హక్కు: ప్రభుత్వ నియంత్రణ, నిధులు గణనీయంగా లేని సహకార సంఘాలు నేరుగా ఈ చట్టం కిందికి రావని కేరళలోని తలప్పళం సంఘం కేసులో 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే రిజిస్ట్రార్ చట్టప్రకారం తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన దగ్గర అడగొచ్చు.
> బహిరంగ విచారణ: సంఘం ఆదాయ వ్యయాల మీద నియంత్రణ మండలి జరిపే విచారణలో ఏ వినియోగదారుడైనా అభ్యంతరం చెప్పొచ్చు. దీనికి సభ్యత్వం అక్కర్లేదు.

పార్టీల పట్టు, సర్కారు నీడ

2016 ఫిబ్రవరిలో ఎన్నికైన సెస్ పాలకవర్గం గడువు 2021లో ముగిసింది. మళ్లీ పోలింగ్ 2022 డిసెంబర్‌లో. ఈ మధ్యకాలమంతా సంఘం నడిచింది సభ్యులు ఎన్నుకోని ఏర్పాటుతో. సహకార రంగంలో పర్సన్ ఇన్‌చార్జ్ (ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు సర్కారు నియమించే బాధ్యుడు) అన్న మాట ఎంత మామూలైపోయిందంటే, ఎన్నిక ఆలస్యమైందని ఎవరూ ఉలిక్కిపడరు. పడాలి. యజమానులను పక్కన కూర్చోబెట్టి ఇంటిని అధికారికి అప్పగించడం ఇది.

దీనికి అడ్డుకట్ట వేయాలనే 2011లో రాజ్యాంగానికి 97వ సవరణ చేశారు. అయిదేళ్ల గడువు, గడువు తీరేలోపే ఎన్నిక, పాలకవర్గాన్ని రద్దు చేసినా ఆరు నెలలకు మించి సస్పెన్షన్ ఉండరాదన్న నిబంధన, పాలకవర్గంలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు అందులో ఉన్నాయి. అయితే సహకారం రాష్ట్రాల జాబితాలోని విషయం. సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో, రాష్ట్ర సంఘాలకు సంబంధించినంత వరకు ఆ భాగం చెల్లదని 2021 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రాష్ట్రాల హక్కుల కోణంలో ఆ తీర్పు సబబే. కానీ సభ్యుడికి దొరకబోయిన రక్ష ఒకటి చేజారింది.

పార్టీలకు సెస్ మీద ఇంత మోజు ఎందుకన్నది పటం చూస్తే అర్థమవుతుంది. సిరిసిల్ల నియోజకవర్గం, వేములవాడ నియోజకవర్గంలోని చాలా మండలాలతో పాటు మానకొండూరులోని ఇల్లంతకుంట, చొప్పదండిలోని బోయిన్‌పల్లి మండలాలూ దీని పరిధిలోవే. అసెంబ్లీ పోరుకు ఏడాది ముందు ఒక చిన్న అసెంబ్లీ ఎన్నిక జరిగినట్టు. 2022లో సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ రాష్ట్ర మంత్రి. కరీంనగర్ ఎంపీ బండి సంజయ్ బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు. రెండు పార్టీలూ దీన్ని పరువు సమస్యగా తీసుకున్నాయి. ఆ ప్రచారంలో ట్రాన్స్‌ఫార్మర్ల కొనుగోలు లెక్కలు, ఆడిట్ అభ్యంతరాలు వినపడకుండా పోయాయంటే తప్పు ఓటర్లది కాదు. ఏడాదికే రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. అధికార పార్టీ వేరు, సంఘం పాలకవర్గం వేరు అయినప్పుడు రాయితీ బకాయి మొదలుకొని విచారణ దాకా ప్రతిదీ రాజకీయంగానే కనిపిస్తుంది. అందులో నిజమైన ఫిర్యాదేదో, కక్ష ఏదో తేల్చుకునే వీలు సామాన్య సభ్యుడికి ఉండదు.

ఇక ఉచిత వ్యవసాయ విద్యుత్తు. 2004లో మొదలైన ఈ పథకం రైతును నిలబెట్టింది, అందులో సందేహం లేదు. సంఘం కోణంలో అది ఇంకో మార్పు కూడా తెచ్చింది. మోటారు బిల్లు సభ్యుడు కట్టినంత కాలం సంఘం అతని వైపు చూసింది. సర్కారు కట్టడం మొదలయ్యాక హైదరాబాద్ వైపు చూస్తోంది. సబ్సిడీ ముందుగానే చెల్లించాలని విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. ఆ నియమం ఖచ్చితంగా అమలైతే పాలకవర్గం మంత్రుల చుట్టూ తిరిగే అవసరం సగం తగ్గుతుంది.

జంటనగరాలు మరచిపోలేని దెబ్బ

సభ్యులు పట్టించుకోకపోతే ఏమవుతుందో సికింద్రాబాద్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2001లో కృషి సహకార బ్యాంకు కుప్పకూలింది. ఆ తర్వాతి ఏళ్లలో చార్మినార్ బ్యాంకు, సికింద్రాబాద్‌లోని ప్రుడెన్షియల్ బ్యాంకు మూతపడ్డాయి. పదవీ విరమణ సొమ్ము, కూతురి పెళ్లికి దాచుకున్న సొమ్ము పెట్టినవాళ్లు మూసిన షట్టర్ల ముందు బారులు తీరారు. చాలామంది ఆ బ్యాంకుల్లో వడ్డీ చూశారు తప్ప, పాలకవర్గంలో ఎవరున్నారో, అప్పులు ఎవరికిస్తున్నారో చూడలేదు. చూసేందుకు దారి కూడా సరిగా లేదు. బ్యాంకు మునిగితే ఆ దెబ్బ వెంటనే కనిపిస్తుంది. కరెంటు సంఘం మెల్లగా మునుగుతుంది. డిస్కంకు బకాయి ఏటా కొంత పెరుగుతుంది, లైన్లు పాతబడతాయి, ఓ రోజు మినహాయింపు పోతుంది.

అయినా సంఘం సభ్యుడికి ఓటన్నా ఉంది, సర్కారు కంపెనీల కింద ఉన్న వినియోగదారుడికి ఆ మాత్రం దారీ లేదు. 2000లో చార్జీలు పెంచినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ముగ్గురి సంగతి గుర్తున్నవాళ్లు, సిరిసిల్ల రైతు చేతిలోని బ్యాలెట్‌ను తేలిగ్గా తీసిపారేయలేరు.

టెక్సస్ సభ్యులు ఎలా సాధించారు?

అమెరికాలో ఇవాళ దాదాపు 900 విద్యుత్ సహకార సంఘాలున్నాయి. వాటిలో పెద్దది టెక్సస్‌లోని పెడర్నాలెస్ సంఘం. 1938లో అది పుట్టడానికి పట్టుబట్టినవాడు అప్పటి యువ కాంగ్రెస్ సభ్యుడు, తర్వాత దేశాధ్యక్షుడైన లిండన్ జాన్సన్. డెబ్బై ఏళ్లు గడిచేసరికి ఆ సంఘానికి రెండు లక్షలకు పైగా మీటర్లు, కానీ పోటీ ఉన్న ఎన్నికలు లేవు. ఉన్న డైరెక్టర్లే మళ్లీ మళ్లీ వచ్చేలా నామినేషన్, ప్రాక్సీ పద్ధతులుండేవి. సమావేశాలు తలుపులు మూసి జరిగేవి.

2007లో కొందరు సభ్యులు కోర్టుకెక్కారు. స్థానిక పత్రికలు డైరెక్టర్ల భత్యాలు, ప్రయాణ ఖర్చులు తవ్వి తీశాయి. శాసనసభ విచారణ జరిపింది. పాత యాజమాన్యం దిగిపోయింది. 2008లో బహిరంగ పోటీతో ఎన్నిక జరిగింది. చాలాకాలం జనరల్ మేనేజర్‌గా ఉన్న వ్యక్తిని 2010లో జ్యూరీ దోషిగా తేల్చింది. ఆ తర్వాత సంఘం సభ్యుల హక్కుల పత్రం రాసుకుంది. బోర్డు సమావేశాలకు సభ్యులు వెళ్లి కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. వాటిని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగానూ చూపిస్తారు. లెక్కలు సభ్యుల ముందుంటాయి.

ఇందులో సిరిసిల్లకు చేతకానిది ఏదీ లేదు. 15 మంది డైరెక్టర్ల నెలవారీ సమావేశాన్ని ఫోన్లో చూపించడానికి పెద్ద ఖర్చు కాదు. మహాజన సభను ఒకేచోట కాకుండా మండలానికొకటి పెట్టి, ఆడిట్ నివేదికను ఊరి పంచాయతీ గోడకు అంటించొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ఏ ధరకు కొన్నారో బిల్లు వెనుక ముద్రించొచ్చు. వీటికి చట్టం మారాల్సిన పని లేదు, తీర్మానం చాలు.

2022లో ఎన్నికైన వర్గానికి అయిదేళ్లంటే 2027 ఆఖరు, 2028 మొదలు. ఎన్నికకు ముందు ఓటర్ల జాబితా ఖరారవుతుంది. చనిపోయినవారి పేర్లు తీసి వారసులను చేర్చడం, మీటరున్నా సభ్యత్వం లేని ఇళ్లకు వాటా సొమ్ము ఎంతో చెప్పి చేర్చుకోవడం, అద్దె షెడ్ల ఆసాములకు ఏదైనా దారి వెతకడం, ఇవన్నీ ఆ ఖరారుకు ముందే జరగాలి. బిల్లు ఇవ్వడానికి సెస్ సిబ్బంది నెలనెలా ప్రతి గడపకూ వెళ్తూనే ఉన్నారు. ఆ బిల్లుతో పాటే ఒక సభ్యత్వ దరఖాస్తు కాగితం ఇచ్చి రావాలన్న తీర్మానం వచ్చే మహాజన సభలో ఎవరైనా ప్రతిపాదించవచ్చు.